సంతకం పెట్టాడు కదా అని వాడేయొచ్చా? సిరోంచ ముంపు భూముల డాక్యుమెంటరీ తీస్తున్న చెల్లికి జవాబు

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని నాలుగు మాటల్లో చెప్తాను. నీది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో సిరోంచ పక్కన ఊరు. నాగ్‌పూర్‌లో జర్నలిజం చదువుతున్నావు. చివరి ఏడాది ప్రాజెక్టుకి 20 నిమిషాల డాక్యుమెంటరీ తీయాలి. గోదావరి మీద తెలంగాణ కట్టిన మేడిగడ్డ బ్యారేజీ వెనక నీళ్లలో పొలాలు పోగొట్టుకున్న మీ వైపు రైతుల మీద తీస్తున్నావు. ఇప్పటికే పదకొండు గంటల ఫుటేజీ ఉంది. అందులో ఒక పెద్దాయన, పోయిన నాలుగెకరాల్లో రెండెకరాలు తన పేరు మీద లేవని, తెల్లకాగితం మీద రాయించుకుని కొన్నానని కెమెరా ముందే చెప్పాడు. మీ గైడ్ 'సినిమాకి గుండెకాయ ఇదే, తప్పకుండా పెట్టు' అన్నారు. తన మాటలు సినిమాలో వాడుకోవచ్చని ఒప్పుకునే రిలీజ్ ఫారం మీద ఆ పెద్దాయన సంతకం కూడా పెట్టాడు. అయినా నీకు మనసొప్పడం లేదు. దాంతోపాటు వరద రాత్రిని మళ్లీ నటింపజేయొచ్చా, రైతులకు డబ్బులివ్వొచ్చా, అధికారుల మాట పెట్టాల్సిందేనా అని కూడా అడిగావు.

నేను బల్లార్షాలో పుట్టాను. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ. ఇరవై ఏళ్లకు పైగా డాక్యుమెంటరీలు తీస్తున్నాను, తీసేవాళ్లకు ఎడిటింగ్ చేసి పెడుతున్నాను. నీ సమస్య చదువుతుంటే నా మొదటి సినిమా గుర్తొచ్చింది. అది చెప్పకుండా నీకు సలహా ఇవ్వలేను.

గని ఊళ్ల మీద తీసిన 28 నిమిషాల సినిమా అది. అందులో ఒక కాక ఉండేవాడు. మా నాన్న స్నేహితుడు, అప్పటికే రిటైరయ్యాడు. మా ఇంటికి వస్తూ పోతూ ఉండేవాడు కాబట్టి కెమెరా అంటే భయపడలేదు. మూడో రోజు సాయంత్రం, అడగకుండానే చెప్పాడు: "నా పేరు నాది కాదు బిడ్డా. ముప్పై ఏండ్లు మా పెద్దనాన్న కొడుకు పేరు మీద గనిల దిగిన." గనుల ఊళ్లలో మారుపేరు ఉద్యోగాలు ఎవరికీ తెలియనివి కావు. ఒకరికి కాగితం వస్తే ఇంకొకరు పనిలోకి వెళ్లడం మామూలుగా జరిగేది. కానీ ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి వేరు, టేపు మీద ఒక మనిషి తన నోటితో చెప్పిన సంగతి వేరు. ఆ తేడా నాకు అప్పుడు తెలియదు. ఆ మాట విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. సినిమా దాంతోనే మొదలుపెట్టాను.

ఆయన సంతకం నా దగ్గర ఉంది. ఫారం మరాఠీలో ఉంటే చదివి వినిపించాను కూడా. సినిమా ఒక లోకల్ కేబుల్ చానల్లో వచ్చింది. కొన్ని నెలలకు ఆఫీసు నుంచి ఆయనకు నోటీసు వచ్చింది. రావాల్సిన డబ్బులు ఆగాయి. మారుపేరు కాబట్టి ఏ కాగితం తెచ్చినా ఇంకో కాగితంతో కలవలేదు. రెండేళ్లకు పైగా ఆ ఇంటివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. నేనూ వెంట తిరిగాను, కానీ నేను చేయగలిగింది ఏమీ లేదు. కాక నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు తీసినవ్, నేను చెప్పిన" అన్నాడు. ఆయన భార్య మాత్రం తర్వాత ఎప్పుడూ నాతో మాట్లాడలేదు. ఆమె కోపం న్యాయమైనదే.

అందుకే నీ మొదటి ప్రశ్నకు నా జవాబు సూటిగా చెప్తున్నాను. సంతకం పెట్టాడు కదా అని ఆ ముక్క వాడొద్దు. ముందు ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లు.

ఆ రెండెకరాల విషయం కొంచెం లోతుగా ఆలోచించు. నష్టపరిహారం ఎవరికి వస్తుంది? సాత్ బారా, అంటే మహారాష్ట్రలో భూమి ఎవరిదో చెప్పే రెవెన్యూ కాగితం, దాని మీద ఎవరి పేరుంటే వాళ్లకు. తెల్లకాగితం మీద కొన్న భూమికి సాత్ బారాలో పాత యజమాని పేరే ఉంటుంది, ఫేర్‌ఫార్, అంటే పేరు మార్పిడి, అయి ఉండదు. అమ్మినవాళ్ల పిల్లలు మంచివాళ్లయితే పరిహారం తెచ్చి ఈయన చేతిలో పెడతారు. లేదంటే తామే ఉంచేసుకుంటారు. ఇప్పుడు ఈయన వాళ్లతో లోపల లోపల మాట్లాడుకుంటూ ఉండొచ్చు. నీ సినిమా బయటికి వస్తే ఆ మాటలు చెడిపోవచ్చు. లేదా తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) దగ్గర ఇంకో రకంగా రాయించుకుని ఉండొచ్చు, అప్పుడు నీ వీడియో ఆయన మీదే సాక్ష్యం అవుతుంది. ఇంకో వైపు, తన భూమి సంగతి పదిమందికీ తెలిస్తేనే న్యాయం జరుగుతుందని ఆయన కావాలనే చెప్పి ఉండొచ్చు కూడా. ఈ మూడింటిలో ఏది నిజమో నీకూ తెలియదు, మీ గైడ్‌కూ తెలియదు. ఆయన్ని అడిగితే తప్ప తెలియదు.

వెళ్లినప్పుడు ఆయన్ని అడగాల్సింది "ఇది పెట్టనా వద్దా" అని కాదు. అలా అడిగితే "పెట్టు బిడ్డా, నీ చదువు కదా" అంటారు. మన ఊళ్లలో ఇంటికొచ్చిన ఆడపిల్లకి కాదనడం పెద్దవాళ్లకు చేతకాదు. నువ్వు ఇలా అడుగు: "ఈ మాట సాత్ బారాలో పేరున్నవాళ్లు వింటే ఏమైతది? తలాఠీ వింటే ఏమైతది? రేపు తహసీల్ ఆఫీసులో దీన్ని ఫోన్లో చూపించి అడిగితే ఏం చెప్తవు?" ఒక్కొక్క పేరు పెట్టి అడుగు. ఆలోచించుకోవడానికి నాలుగు రోజులు టైం ఇవ్వు. ఇంట్లో కొడుకులు, కోడళ్లు ఉన్నప్పుడు అడుగు, ఎందుకంటే దెబ్బ తగిలితే అది ఇంటందరికీ తగులుతుంది. ఆయన కేసు వేయాలనుకుంటే తాలూకా న్యాయ సేవల కమిటీలో ఉచితంగా సలహా దొరుకుతుంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఆ హక్కు ఉంది. సినిమాకు ముందు ఆ వకీలు దగ్గరికి నువ్వే తోడు వెళ్లు. అది నీ ప్రాజెక్టులో భాగం కాదని ఎవరైనా అంటే పట్టించుకోకు.

ఆయన వద్దంటే ఆ విషయమే సినిమాలో లేకుండా పోతుందని భయపడకు. తెల్లకాగితం భూములున్న రైతు ఒక్కడే కాదు. 'కొన్న భూమి కాగితం మీద పేరు మారకపోతే పరిహారం పాత పేరుకే వెళ్తుంది' అని నీ వ్యాఖ్యానంలో చెప్పొచ్చు, రెవెన్యూ పద్ధతి తెలిసిన ఒక వకీలుతో చెప్పించొచ్చు. మొహం మసకబార్చి, గొంతు మార్చి వాడదామని మాత్రం అనుకోకు. నాగ్‌పూర్‌లో చూసేవాళ్లకు అది ముసుగే. మీ ఊళ్లో వాళ్లకు ఆ చొక్కా తెలుసు, ఆ ఎడ్లు తెలుసు, మాట మధ్యలో ఆగి దగ్గే తీరు తెలుసు. ఆయనకు హాని చేయగలిగేది ఊళ్లోవాళ్లే.

ఇంకో మాట. ఆ క్లిప్ ఇప్పుడు ఎక్కడుంది? కాలేజీ ఎడిటింగ్ రూమ్ కంప్యూటర్లో ఉంటే ఇవాళే అక్కడి నుంచి తీసేయి. విడిగా ఒక హార్డ్‌డిస్క్‌లో పెట్టి నీ దగ్గర ఉంచుకో. ఎడిట్‌లో పెట్టకపోయినా, పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఒకరు తీసుకెళ్లి వాట్సాప్‌లో వేస్తే నువ్వు ఏమీ చేయలేవు.

అనుమతి తీసుకునే పద్ధతి గురించి కూడా చెప్తాను. మన సరిహద్దు ఊళ్లలో ఇది ఎక్కడా లేనంత చిక్కుగా ఉంటుంది. సిరోంచలో పెద్దవాళ్లు తెలుగు మాట్లాడతారు, చాలామంది ఏ భాషా చదవరు. వాళ్ల పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదివింది మరాఠీ మీడియం కాబట్టి తెలుగు అక్షరం రాదు. కాలేజీ ఇచ్చిన ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. అంటే ఆ కాగితం ఎవరికీ అర్థం కాని భాషలో ఉన్నట్టే. కాగితం కాలేజీ కోసం తీసుకో, కానీ అసలు అనుమతి కెమెరా ముందు తెలుగులో తీసుకో. నువ్వెవరివి, ఎందుకు తీస్తున్నావు, ఎక్కడెక్కడ చూపిస్తావు అని నీ గొంతుతో చెప్పి, వాళ్ల గొంతుతో ఒప్పుకోవడం రికార్డు చేయి. 'ఎక్కడెక్కడ' అన్న మాట దగ్గర కొంచెం ఆగు. 'కాలేజీలో చూపిస్తా' అని చెప్పి రేపు యూట్యూబ్‌లో పెడితే, నువ్వు వేరే పనికి అనుమతి తీసుకున్నట్టే. యూట్యూబ్‌లో పెడితే హైదరాబాద్‌లో ఉన్న మేనల్లుడూ చూస్తాడు, గడ్చిరోలి కలెక్టరేట్‌లో గుమస్తా కూడా చూస్తాడు అని అలాగే చెప్పు. ఎడిట్ పూర్తయ్యేదాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చని, ఏ తేదీ దాకా మార్చుకోవచ్చో కూడా చెప్పు. నీ ఫోన్ నంబర్ కాగితం మీద పెద్ద అంకెల్లో రాసి ఇవ్వు.

ఇక ఎడిటింగ్. ఇక్కడ ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే అబద్ధం ఎక్కువగా పుట్టేది ఇక్కడే, అదీ మంచి ఉద్దేశంతోనే.

నువ్వు పంపిన ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఒక రైతు "ఆ ఏడు నిండా మునిగిన" అన్నాడు. ముందు వెనక చదివితే అది మిర్చి రేటు పడిపోయిన ఏడాది గురించి. పెట్టుబడి పోయిందని ఆయన చెప్తున్నాడు. నీ పేపర్ ఎడిట్‌లో ఆ మాటను బ్యాక్‌వాటర్ (బ్యారేజీ వెనక నిలిచిన నీళ్లు) షాట్ మీద పెట్టావు. మాట ఆయనదే, నీళ్లు నిజమైనవే, ఒక్క అక్షరం మార్చలేదు. అయినా చూసేవాళ్లకు బ్యారేజీ ఆయన్ని ముంచిందని అర్థమవుతుంది. ఆయన పొలం నదికి ఎంత దూరమో నువ్వే రాశావు, అక్కడికి నీళ్లు రాలేదు. రేపు ఎవరైనా ఇంజనీరు ఈ ఒక్క షాట్ పట్టుకుంటే, నిజంగా మునిగినవాళ్ల మాటలు కూడా అబద్ధమని కొట్టిపారేస్తారు. నీ నిజాయితీ మీద మచ్చ పడటం చిన్న విషయం, ఆ రైతుల కష్టాన్ని నమ్మకుండా పోవడం పెద్ద విషయం.

ఇలాంటి పొరపాటు పెద్ద పెద్ద చోట్ల కూడా జరిగింది. 2007లో బ్రిటన్ రాణి మీద తీసిన ఒక కార్యక్రమం ట్రైలర్‌ను బీబీసీ పత్రికలవాళ్లకు చూపించింది. ఫోటో తీసే ఆమె కిరీటం తీయమని అడగగానే రాణి కోపంతో లేచి వెళ్లిపోయినట్టు అందులో ఉంది. నిజానికి రాణి విసుగ్గా నడుస్తూ కనిపించిన షాట్ ఫోటోకి వస్తున్నప్పటిది, వెళ్తున్నప్పటిది కాదు. ముందుది వెనక, వెనకది ముందు పెట్టారు, అంతే. బీబీసీ క్షమాపణ చెప్పింది, ఆ చానల్ అధిపతి రాజీనామా చేయాల్సి వచ్చింది. రాణికి క్షమాపణ అడిగే బలం ఉంది. మీ మిర్చి రైతుకు లేదు. కాబట్టి ఆయన తరఫున ఆ జాగ్రత్త నువ్వే పడాలి.

నేను పాటించే పద్ధతి ఒకటి చెప్తాను. ప్రతి మాట కింద వాడే షాట్‌కి తేదీ, ఊరు, ఎవరి పొలం అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. మాట ఏ ఏడాది గురించో, షాట్ ఏ ఏడాదిదో పక్కపక్కనే కనిపిస్తాయి. విసుగు పుట్టించే పనే, కానీ మీ నది విషయంలో ఇది తప్పదు. ఎందుకో చూడు. మేడిగడ్డ ప్రారంభమైంది 2019 జూన్ 21న. నీళ్లు నిలబెట్టడం ఆ తర్వాత. 2022 జూలైలో వచ్చింది గోదావరి, ప్రాణహిత రెండింటి మహా వరద. అవతలి ఒడ్డున కన్నేపల్లి పంప్‌హౌస్ కూడా అందులో మునిగింది, భద్రాచలం దగ్గర నది 71 అడుగులు దాటింది. 2023 అక్టోబర్ 21న బ్యారేజీ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. అప్పటి నుంచి నీళ్లు నిల్వ చేయకుండా గేట్లు ఎత్తే ఉంచారు. అంటే నువ్వు ఈ ఏడాది వానాకాలంలో తీసిన నిండు నది బ్యాక్‌వాటర్ కాదు, మామూలు ప్రవాహం. దాన్ని బ్యాక్‌వాటర్ అని చూపిస్తే తప్పు. ఎండాకాలం ఇసుక తిన్నెలు చూపించి 'ఇక్కడ ముంపు లేదు' అన్నా అంతే తప్పు. బ్యారేజీలో నీళ్లు నిలిపే మట్టం సముద్ర మట్టానికి 100 మీటర్లు అని 2016 ఆగస్టులో మహారాష్ట్ర, తెలంగాణ ఒప్పందం చేసుకున్నాయి. నీ రైతుల్లో ఎవరి భూమి ఆ మట్టం లోపల ఉంది, ఎవరిది బయట ఉండి కూడా మునిగింది, ఎవరిది ఒక్క 2022 వరదలోనే పోయింది, ఈ మూడు గుంపులను విడదీయి. మూడు గుంపులకూ కష్టం వచ్చింది, కానీ కారణం ఒక్కటి కాదు. ఇది విడదీస్తే సినిమా పదును తగ్గుతుందని నీకు అనిపించొచ్చు. నాకు మాత్రం ఇలా విడదీసి చెప్పేవాళ్ల కోసమే ఆ ఊళ్లు ఎదురుచూస్తున్నాయి అనిపిస్తుంది.

సబ్‌టైటిల్స్ మరాఠీలో వేస్తున్నావు కదా. గైడ్‌కి తెలుగు రాదు, పరీక్షకులకూ రాదు. అంటే నువ్వు రాసిందే వాళ్లకు ఆ రైతు మాట. ఇది చాలా పెద్ద అధికారం. "ఏం జేస్తం, గట్ల రాసిపెట్టి ఉన్నది" అంటే ఆయన ఒప్పుకున్నట్టు కాదు, సర్దుకుపోయినట్టూ కాదు, తిట్టలేక అన్నట్టు కావచ్చు. సబ్‌టైటిల్‌లో విధి గురించిన వాక్యం రాస్తే ఆయన చేతులు ముడుచుకు కూర్చున్న మనిషిలా కనిపిస్తాడు. అదే మనిషి ధర్నాలో కూర్చున్నాడని నువ్వే చెప్పావు. రెండు భాషలూ బాగా తెలిసిన ఇంకొకరికి సినిమా చూపించి, కళ్లు మూసుకుని వినమను, తర్వాత సబ్‌టైటిల్ చదవమను. మీ బడి మాస్టారు అయినా ఫర్వాలేదు. ఇంకో చిన్న సంగతి: రైతు మాట యాసలో ఉంటే సబ్‌టైటిల్‌లో శుద్ధ పుస్తక మరాఠీ వద్దు, అలాగని వెటకారంగా కనిపించే పల్లె మరాఠీ కూడా వద్దు. తేలిక మాటలు రాయి.

వరద రాత్రిని నటింపజేయడం. నా అభిప్రాయం వద్దనే. 1922లో ఫ్లాహర్టీ మంచు ప్రాంతపు వేటగాడి కుటుంబం మీద తీసిన 'నానూక్ ఆఫ్ ద నార్త్'ను మీకు మొదటి క్లాసులోనే చెప్పి ఉంటారు. లోపల వెలుతురు చాలదని సగమే కట్టిన మంచు ఇంట్లో వాళ్లను పడుకోబెట్టాడని, తుపాకులు వాడుతున్న మనుషుల చేత ఈటెలతో వేటాడించాడని కూడా చెప్పే ఉంటారు. ఆ రోజుల్లో ఈ కళకు ఇంకా పద్ధతులు ఏర్పడలేదు. తర్వాత ఏర్పడ్డాయి. బ్రిటన్‌లో కార్ల్‌టన్ టీవీ 1996లో ప్రసారం చేసిన ఒక కార్యక్రమంలో మత్తుమందు రవాణా దృశ్యాలు కల్పించినవని తేలితే, 1998లో నియంత్రణ సంస్థ 20 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. నీకు జరిమానా ఎవరూ వేయరు. కానీ ఆ రాత్రి నిజంగా ఇంట్లోకి నీళ్లు వచ్చిన ఒక అవ్వను మళ్లీ మంచం ఎత్తి పట్టుకుని నిలబడమనడం నాకు తప్పనిపిస్తుంది. ఆమె మాట్లాడుతూ గోడ మీద నీటి మరక చూపిస్తే చాలు. ఊళ్లో కుర్రాళ్ల ఫోన్లలో 2022 జూలై వీడియోలు ఉంటాయి. ఒరిజినల్ ఫైల్ అడుగు, ఫార్వర్డ్ అయింది వద్దు. ఒరిజినల్‌లో తేదీ ఉంటుంది. ఫార్వర్డ్‌ల్లో ఏ ఊరి వరదో, ఏ ఏడాదిదో తెలియదు. తీసినవాళ్ల అనుమతి తీసుకుని, తెర మీద వాళ్ల పేరు, తేదీ వేయి. రైతు రోజూ చేసే పని, అంటే కల్లంలో మిర్చి తిరగేయడం, ఎడ్లకు నీళ్లు పెట్టడం, 'ఇంకోసారి చేయవా కాకా' అని అడిగి తీసుకోవడం నటన కాదు. అందులో ఎవరినీ మోసం చేయడం లేదు.

డబ్బుల గురించి నా ఆలోచన మారింది. మొదట్లో ఒక్క రూపాయి ఇవ్వకూడదు అనేవాణ్ని. ఇప్పుడు అలా అనను. మాట కొనకూడదు, అది ఖాయం. కానీ మిర్చి ఏరే రోజుల్లో ఒకామెను సగం రోజు కెమెరా ముందు కూర్చోబెడితే ఆ సగం రోజు కూలి పోతుంది. నీ మార్కుల కోసం ఆమె కూలి పోగొట్టుకోవడం న్యాయం కాదు. ఆ రోజు ఊళ్లో నడిచే కూలి ఎంతో అంతే ఇవ్వు, ఎక్కువ వద్దు. ఏం మాట్లాడినా అంతే వస్తుందని ముందే చెప్పు. ఇచ్చినట్టు నీ ప్రొడక్షన్ నోట్స్‌లో రాయి. అవకాశం ఉంటే కూలికి వెళ్లని పూట వెళ్లు, అప్పుడు ఈ ప్రశ్నే రాదు.

అధికారుల మాట పెట్టాల్సిందే. దానికి కారణం సమతూకం కాదు. ఐదు నిమిషాలు రైతుకి, ఐదు నిమిషాలు ఇంజనీరుకి ఇవ్వాలని ఎవరూ అనడం లేదు. కష్టపడింది రైతు కాబట్టి సినిమా ఆయనది. కానీ ఎవరి మీద ఆరోపణ చేస్తున్నామో వాళ్లకు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, అదీ ముందుగా, రాతపూర్వకంగా, ఏ ఆరోపణో స్పష్టంగా చెప్పి. పదిహేను రోజులు గడువు పెట్టు. జవాబు రాకపోతే 'ఫలానా తేదీన అడిగాం, జవాబు రాలేదు' అని తెర మీద వేయి. దీంతోపాటు సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. మహారాష్ట్రలో పది రూపాయల ఫీజు, ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 పదాలు దాటకూడదు. 30 రోజుల్లో జవాబు రావాలి. మీ సబ్మిషన్ తేదీ చూసుకుని ఇప్పుడే పెట్టకపోతే చేతికి రాదు. ఎన్ని హెక్టార్లకు సర్వే జరిగింది, ఎన్నింటికి పరిహారం ఇచ్చారు అన్న రెండు అంకెలు ఆఫీసు కాగితం మీద వస్తే, అరగంట ఇంటర్వ్యూ కన్నా బలం.

ఏడ్చిన షాట్ గురించి నువ్వు అడగలేదు, కానీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో చూశాను. ఆ చిన్నమ్మ ఏడుస్తుంటే కెమెరా జూమ్ అయిందని రాశావు. జూమ్ చేసిన భాగం తీసేయి. ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టిన చోటు నుంచి వాడు. ఆ తర్వాత చెప్పిన మాటలే నిజానికి గట్టివి. ఏడుపు వాడాలా వద్దా అన్నది ఆమె చూసి చెప్పాలి. ఇంకొకటి: ఒక ముసలాయన నీ మీద అరిచాడని, "పోయినేడు కూడా ఒకరు వచ్చిండ్రు, ఫోటోలు తీసుకపోయిండ్రు, మాకేమొచ్చింది" అన్నాడని, అది కట్ చేశానని రాశావు. దాన్ని వెనక్కి తీసుకురా. ఆనంద్ పట్వర్ధన్ 1985లో బొంబాయి గుడిసెల మీద తీసిన 'హమారా షహర్'లో ఒక బస్తీ ఆమె ఆయన్నే నిలదీస్తుంది, ఈ ఫోటోలతో మాకు ఏం ఒరుగుతుందని. ఆయన ఆ ముక్క సినిమాలో ఉంచాడు. మీ ముసలాయన ప్రశ్న కూడా ఊరి మాటే. నీకు ఇబ్బందిగా ఉందని దాన్ని దాచకూడదు.

పిల్లల మొహాలు చూపిస్తే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. కేసుల్లో ఉన్న పిల్లలు, హింసకు గురైన పిల్లలు అయితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం గుర్తింపు బయటపెట్టడమే నేరం, తల్లి ఒప్పుకున్నా సరే.

డ్రోన్ షాట్ కావాలన్నావు. వదిలేయి. బ్యారేజీ దగ్గర, పైగా గడ్చిరోలి జిల్లాలో, డ్రోన్ ఎగరేస్తే నీకు వచ్చే ఇబ్బంది ఒక ఎత్తు, ఏ ఇంటి మిద్దె మీద నుంచి ఎగరేశావో ఆ ఇంటివాళ్లకు వచ్చేది ఇంకో ఎత్తు. నువ్వు సెలవులయ్యాక నాగ్‌పూర్ వెళ్లిపోతావు. 'ఎవరు వచ్చారు, ఏం అడిగారు' అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది వాళ్లు. కాలేజీ లెటర్ ఒకటి ఠాణాలో, ఒకటి తహసీల్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకో. ఠాణాలను, క్యాంపులను, చెక్‌పోస్టులను ఫ్రేములోకి రానీయకు. నది విశాలం కనిపించాలంటే కాళేశ్వరం వంతెన వైపు ఒడ్డున పొద్దున్నే ట్రైపాడ్ పెట్టు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది అక్కడ బాగా కనిపిస్తుంది, డ్రోన్ కన్నా అందంగా వస్తుంది.

సినిమా కాలేజీలో చూపించే ముందు ఊళ్లో చూపించు. ఇది నేను ఎవరికైనా తప్పకుండా చెప్పే మాట. పంచాయతీ గోడ మీద తెల్లబట్ట కట్టి, ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చి, చీకటి పడ్డాక వేయి. అంతకన్నా ముందు, సున్నితమైన మాటలు చెప్పినవాళ్లకు విడిగా చూపించు. అందరి మధ్యలో మొదటిసారి చూస్తే వద్దని చెప్పలేరు. ఊళ్లో చూపించినప్పుడు నీ తప్పులు బయటపడతాయి. 'అది మా చేను కాదు', 'ఆయన చెప్పింది పోయినేటి సంగతి', 'ఆ పేరు తప్పు' అంటారు. రాసుకో, సరిచేయి. వాళ్లు చెప్పిన ప్రతి మార్పూ చేయాలని లేదు. సర్పంచ్ తనకు ఇష్టం లేని మాట తీసేయమంటే తీసేయకు. ఎవరికి హాని అన్నది చూడు, ఎవరికి చిన్నతనం అన్నది కాదు. ఈ రెండింటినీ విడదీయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, ఇప్పటికీ ఒక్కోసారి తడబడతాను.

మీ గైడ్‌కి ఏం చెప్పాలని అడిగావు. గొడవ పడకు. ఆ క్లిప్ లేకుండా ఒక కట్ తయారుచేసి చూపించు. వరుస ఇలా ప్రయత్నించి చూడు: మొదట ఆ ముసలాయన కోపం, తర్వాత నీటి మరక చూపించే అవ్వ, తర్వాత 100 మీటర్ల మట్టం గురించి నీ వ్యాఖ్యానం, తర్వాత చిన్నమ్మ. ఇంకా ఆ ముక్కే కావాలంటే, ఆ పెద్దాయన ఇంటివాళ్లతో మాట్లాడిన తర్వాతే నిర్ణయిస్తానని చెప్పు. ఎందుకని అడిగితే మా కాక సంగతి చెప్పు, నా పేరు చెప్పినా ఫర్వాలేదు.

ఈ ఆదివారం ఊరికి వెళ్తానన్నావు. ల్యాప్‌టాప్, రెండు హెడ్‌ఫోన్లు పట్టుకెళ్లు, ఒకటి ఆ పెద్దాయనకి, ఒకటి ఆయన భార్యకి. ఆమె తప్పకుండా వినాలి. ఛార్జింగ్ నిండుగా పెట్టుకో, ఊళ్లో కరెంటు నమ్మొద్దు. వచ్చాక వాళ్లేమన్నారో ఇక్కడే రాయి, పేర్లు లేకుండా. సబ్‌టైటిల్ ఫైల్ కూడా పంపు, మొదటి పది నిమిషాలు నేను తెలుగుతో పోల్చి చూస్తాను.